తొలి రాష్ట్రాల తీర్పు ఎంతవరకు నిలిచింది?

అమెరికాలో అధ్యక్ష అభ్యర్థిని పార్టీ ఓటర్లే ఎంచుకునే ఎన్నిక, అంటే ప్రైమరీ, మొట్టమొదటిసారి జరిగినప్పుడే గురి తప్పింది. 1912 మార్చి 19న నార్త్ డకోటాలో రిపబ్లికన్ ఓటర్లు రాబర్ట్ లాఫాలెట్‌ను గెలిపించారు. ఓడినవాడు సామాన్యుడు కాదు, మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్. తర్వాత రూజ్‌వెల్ట్ పుంజుకుని వరసగా ప్రైమరీలు గెలిచాడు. సిట్టింగ్ అధ్యక్షుడు టాఫ్ట్‌ను ఆయన సొంత రాష్ట్రం ఒహాయోలోనే మట్టి కరిపించాడు. తీరా షికాగోలో జరిగిన పార్టీ మహాసభలో టికెట్ దక్కింది ఆ టాఫ్ట్‌కే. మొదటి పోటీ గెలిచినవాడికీ రాలేదు, ఎక్కువ పోటీలు గెలిచినవాడికీ రాలేదు. పార్టీ యంత్రాంగం ఎవరి గుప్పిట్లో ఉందో వాళ్లకే వచ్చింది.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం. నాలుగేళ్లకోసారి, ముందుగా ఓటేసే రాష్ట్రాలైన అయోవా, న్యూహాంప్‌షైర్ ఫలితాలు రాగానే అక్కడి టీవీ చానళ్లు చేసేదీ అదే. కుండలో ఉన్నదంతా ఒకే బియ్యమైతే ఆ పద్ధతి పనికొస్తుంది. ఈ రెండు రాష్ట్రాల్లోనూ మొన్నమొన్నటి దాకా పదిమందిలో తొమ్మిదిమంది తెల్లవాళ్లే. పెద్ద నగరం అంటూ ఒక్కటీ లేదు. 2020 డెమోక్రాటిక్ పోటీలో ఓట్ల ద్వారా ఎన్నికయ్యే ప్రతినిధులు 3,979 మంది అయితే, అందులో ఈ రెండు రాష్ట్రాల వాటా కలిపి 65. రెండు శాతం కూడా లేదు. అయినా దేశమంతా కళ్లు అటే పెట్టుకుని కూర్చుంటుంది.

నూరేళ్ల చరిత్ర తిరగేస్తే నాకు తోచేది ఇది: ఈ తొలి పోటీలు రాబోయేదాన్ని చెప్పిన సందర్భాలకంటే, రాబోయేదాన్ని మార్చిన సందర్భాలే ఎక్కువ. ఎవరు గెలుస్తారో చెప్పడంలో వాటి లెక్క తరచూ తప్పింది. ఎవరు ఇంటికి పోవాలో తేల్చడంలో మాత్రం వాటికి తిరుగులేదు.

మన దగ్గరైతే ఈ తంటా లేదు. టికెట్ ఎవరికో అధిష్ఠానం తేలుస్తుంది. బీ-ఫారం చేతిలో పడేదాకా అభ్యర్థికే నమ్మకం ఉండదు. 1968 దాకా అమెరికాలోనూ ఇంచుమించు ఇదే పద్ధతి నడిచింది. ప్రైమరీలు ఉండేవి, కానీ కొద్ది రాష్ట్రాల్లోనే. మహాసభకు వెళ్లే ప్రతినిధుల్లో ఎక్కువమంది రాష్ట్ర పార్టీ పెద్దలు పంపినవాళ్లే. న్యూహాంప్‌షైర్ 1916లో ప్రైమరీ మొదలుపెట్టి, 1920 నుంచి అందరికంటే ముందు ఓటేసే రాష్ట్రం అయింది. మార్చిలో ఎలాగూ ఊరి సభలు జరుగుతాయి కాబట్టి అదే రోజు ఈ ఓటింగు కూడా కానిచ్చేస్తే హాల్లో దీపాలకీ పొయ్యికీ రెండోసారి ఖర్చు ఉండదన్నదే అసలు కారణమని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అంత ముందుచూపు ఉన్న ఆ జనానికి, ఆ పొదుపే తమ రాష్ట్రానికి పెట్టుబడి అవుతుందని అప్పట్లో తట్టి ఉండదు.

1952లో అక్కడి బ్యాలట్ మీదికి మొదటిసారి అభ్యర్థుల పేర్లే ఎక్కాయి. అప్పుడు పారిస్‌లో నాటో సేనాధిపతిగా ఉన్న ఐసెన్‌హోవర్ రాష్ట్రంలో అడుగు పెట్టకుండానే రాబర్ట్ టాఫ్ట్‌ను ఓడించాడు, టికెట్టూ తెచ్చుకున్నాడు. అదే రోజు డెమోక్రాట్ల వైపు ఎస్టెస్ కెఫావర్ ఏకంగా అధ్యక్షుడు ట్రూమన్‌నే ఓడించాడు. అంతకు కొన్ని వారాల ముందే ట్రూమన్ ప్రైమరీలు వట్టి కంటితుడుపని కొట్టిపారేశాడు. మార్చి నెల దాటకుండానే మళ్లీ పోటీ చేయనని ప్రకటించాల్సి వచ్చింది. కెఫావర్ ఆ ఏడాది దాదాపు అన్ని ప్రైమరీలూ గెలిచాడు. మహాసభ మాత్రం మూడో విడత ఓటింగులో అడ్లై స్టీవెన్‌సన్‌ను ఎంచుకుంది. ట్రూమన్ మాట సగం అబద్ధమూ సగం నిజమూ అయింది.

1964లో రిపబ్లికన్ల వైపు ఇంకా విడ్డూరం. గోల్డ్‌వాటర్, రాక్‌ఫెల్లర్ ఇద్దరూ మంచులో ఊరూరా తిరిగితే, సైగాన్‌లో రాయబారిగా ఉన్న హెన్రీ కాబట్ లాడ్జ్ గెలిచాడు. బ్యాలట్ మీద ఆయన పేరే లేదు. ఓటర్లు చేత్తో రాసి మరీ వేశారు. టికెట్ గోల్డ్‌వాటర్‌కి పోయింది. నాలుగేళ్ల తర్వాత డెమోక్రాట్ల వైపు వియత్నాం యుద్ధాన్ని ఎదిరించిన యూజీన్ మెకార్తీకి అక్కడే 42 శాతం వచ్చాయి. అధ్యక్షుడు జాన్సన్ 49 శాతంతో గెలిచాడు, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు. నాలుగు రోజులకే రాబర్ట్ కెన్నెడీ బరిలోకి దూకాడు, నెలాఖరుకి జాన్సన్ తప్పుకున్నాడు. చివరికి ఒక్క ప్రైమరీలోనూ తలపడని ఉపాధ్యక్షుడు హంఫ్రీకి టికెట్ ఇచ్చారు. మహాసభ జరుగుతుండగా షికాగో వీధుల్లో నిరసనకారుల మీద లాఠీలు విరిగిన ఆ ఆగస్టు తర్వాత పాత పద్ధతి మరి నిలవలేదు.

నిబంధనలు మార్చడానికి డెమోక్రాటిక్ పార్టీ వేసిన కమిషన్‌కు మొదటి అధ్యక్షుడు జార్జ్ మెక్‌గవర్న్. ప్రతినిధులను మూసిన గదుల్లో కాదు, అందరికీ తెరిచిన సభల్లోనో ప్రైమరీల్లోనో ఎన్నుకోవాలన్నది కమిషన్ తీర్మానం. ఆ కొత్త నిబంధనల కింద 1972లో టికెట్ గెలిచింది కూడా మెక్‌గవర్నే. నిబంధన రాసినవాడికి దాని కిటుకులు తెలియకుండా ఉంటాయా!

అయోవా ముందుకు రావడం కూడా ఆ మార్పుల పుణ్యమే. అక్కడ ఊరి వార్డు నుంచి కౌంటీకి, కౌంటీ నుంచి జిల్లాకి, జిల్లా నుంచి రాష్ట్రానికి అంచెలంచెలుగా సభలు జరగాలి. ఒక్కో అంచెకీ మధ్య నెల రోజుల వ్యవధి కావాలి. కాగితాలు తీయడానికి పార్టీ ఆఫీసులో ఉన్నదేమో పాత సైక్లోస్టైల్ మెషీను. డిమోయిన్ నగరంలో రాష్ట్ర మహాసభకు హోటల్ గదులు దొరికే తేదీ పట్టుకుని అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెడుతూ పోతే మొదటి సభ జనవరి 24న తేలిందని చెబుతారు. దేశాధ్యక్షుల తలరాత రాసే తేదీ అలా ఖరారైంది.

ఆ ఏడాది అందరూ మెయిన్ రాష్ట్ర సెనేటర్ ఎడ్మండ్ మస్కీకే టికెట్ అనుకున్నారు. అయోవాలో ఎవరికీ కట్టుబడం అన్నవాళ్లే ఆయనకంటే ఓ వెంట్రుకవాసి ముందున్నారు. మెక్‌గవర్న్‌కు 23 శాతం దాకా వచ్చాయి. న్యూహాంప్‌షైర్‌లో ప్రైమరీకి ముందు, తన భార్యను కించపరిచిన పత్రిక ఆఫీసు ఎదుట లారీ ఎక్కి మంచులో నిలబడి మాట్లాడుతూ మస్కీ గొంతు పూడుకుపోయింది. ఏడ్చాడని విలేకరులు రాశారు, ముఖం మీద కరిగింది మంచని ఆయన అన్నాడు. అయినా 46 శాతంతో ఆయనే గెలిచాడు, మెక్‌గవర్న్‌కు 37. కానీ పక్క రాష్ట్రం వాడు సగం ఓట్లయినా తెచ్చుకోలేకపోయాడే అన్నారు. గెలిచి ఓడినవాడిగా మస్కీ కొన్ని వారాల్లోనే కనుమరుగయ్యాడు. రావలసినదానికంటే తగ్గితే గెలుపూ ఓటమే అన్న సూత్రం అప్పటికి స్థిరపడింది.

ఆ సూత్రాన్ని తిరగేసి వాడుకున్నవాడు జిమ్మీ కార్టర్. జార్జియా మాజీ గవర్నరు, బయటి రాష్ట్రాల్లో ఆయనెవరో తెలియదు. 1975లో అయోవాలో కార్యకర్తల ఇళ్లలో పడుకుని, పొద్దున్నే తన పక్క తనే సర్దుకుని వెళ్లేవాడు. ఆ అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ విలేకరి ఆర్.డబ్ల్యూ. ఆపిల్ అయోవాలో కార్టర్ గాలి వీస్తోందని రాసేదాకా ఆయన్ను పట్టించుకున్న జాతీయ పత్రిక లేదు. 1976 జనవరిలో ఆయనకు వచ్చింది 28 శాతం లోపే, ఎవరికీ కట్టుబడనివాళ్లు 37 శాతం. నిజానికి అది రెండో స్థానం. మర్నాడు పేపర్లలో మాత్రం విజేత. దీనికి ఇంకో కారణం తోడైంది. 1974 చట్టం ఒక్కొక్కరి చందాను వెయ్యి డాలర్లకు పరిమితం చేసింది కాబట్టి నలుగురు కోటీశ్వరులను నమ్ముకుని ప్రచారం నడపడం కుదరదు. వేలమంది చేత చెక్కులు రాయించాలంటే ముందుగా ఒకచోట బోణీ కొట్టి చూపించాలి. ఆ బోణీ కొట్టే అంగడి అయోవా అయింది. కార్టర్ అధ్యక్షుడయ్యాక అభ్యర్థులంతా ఆ మొక్కజొన్న చేల దారి పట్టారు.

1980లో జార్జ్ బుష్, అంటే తండ్రి బుష్, అదే దారిలో వెళ్లి అయోవాలో రీగన్‌ను రెండు శాతం తేడాతో ఓడించాడు. ఊపంతా తన వెనకే ఉందని సంబరపడ్డాడు. ఇల్లు అలకగానే పండగ కాదని నాషువా ఊళ్లో తెలిసొచ్చింది. ఫిబ్రవరి 23న అక్కడి హైస్కూల్లో బుష్, రీగన్ ఇద్దరికే చర్చ పెట్టాలని స్థానిక పత్రిక తలపెట్టింది. ఇద్దరికే వేదిక ఇస్తే అది చట్టవిరుద్ధమైన చందా కిందికి వస్తుందని మిగతావాళ్లు ఫిర్యాదు చేశారు. దాంతో ఖర్చు రీగన్ భరించాడు. భరించి, చెప్పాపెట్టకుండా మరో నలుగురు అభ్యర్థులను వెంటబెట్టుకుని వేదిక ఎక్కాడు. వాళ్లకు కుర్చీల్లేవు, వెనక వరసలో నిలబడ్డారు. రీగన్ వివరణ ఇస్తుంటే సభ నడిపిస్తున్న సంపాదకుడు బ్రీన్ ఆయన మైకు కట్టేయమన్నాడు. ఈ మైకుకి డబ్బులు కట్టింది నేనని రీగన్ గద్దించాడు. ఆ కోపంలో బ్రీన్‌ను గ్రీన్ అని పిలిచాడు కూడా. బుష్ మాత్రం ముందుకే చూస్తూ బిగుసుకుని కూర్చున్నాడు. మూడు రోజుల తర్వాత రీగన్‌కు 50 శాతం, బుష్‌కు 23. ఊపు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

రిపబ్లికన్ల లెక్క ఇక్కడే చూసేద్దాం. 1980 నుంచి 2024 దాకా ఆ పార్టీలో గట్టి పోటీ జరిగినవి ఎనిమిది ఎన్నికలు. అయోవాలో గెలిచినవాడికి టికెట్ వచ్చింది మూడింటిలోనే: 1996 డోల్, 2000 కొడుకు బుష్, 2024 ట్రంప్. న్యూహాంప్‌షైర్ ఆరుసార్లు సరిగ్గా చెప్పింది. వాటి తర్వాత ఓటేసే సౌత్ కరోలినా ఏడుసార్లు. 2012లో న్యూట్ గింగ్రిచ్‌ను గెలిపించి ఒక్కసారి తప్పింది. పోటీ ముందుకు జరిగేకొద్దీ జోస్యం పదునెక్కుతోందన్నమాట, అందులో వింతేముంది? 1976 తర్వాత రిపబ్లికన్ టికెట్ దక్కిన ప్రతివాడూ తొలి రెండిటిలో కనీసం ఒకటి గెలిచాడని ఘనంగా చెబుతుంటారు. నిజమే, కానీ ఇద్దరు విజేతల్లో ఎవరో ఒకరు అనడం జోస్యం కాదు, ముందుజాగ్రత్త.

అయోవా రిపబ్లికన్లలో చర్చికి కట్టుబడ్డ ఎవాంజెలికల్ ఓటర్ల బలం ఎక్కువ. 1988లో టీవీ ప్రబోధకుడు పాట్ రాబర్ట్‌సన్ అక్కడ తండ్రి బుష్‌ను మూడో స్థానానికి నెట్టాడు. 2008లో హకబీ, 2012లో శాంటోరం, 2016లో క్రూజ్ గెలిచింది ఆ ఓట్లతోనే. వారం తిరిగేసరికి న్యూహాంప్‌షైర్‌లో ఆ ఓట్లు ఉండవు. డెమోక్రాట్లకు వచ్చేసరికి ఇది తలకిందులు. 1972 నుంచి వాళ్ల పోటీలు పదకొండు లెక్కేస్తే అయోవా ఏడుసార్లు, న్యూహాంప్‌షైర్ ఐదుసార్లే అసలు అభ్యర్థిని పట్టుకున్నాయి. కార్టర్ 28 శాతాన్ని గెలుపుగా లెక్కేస్తేనే ఆ ఏడు, అది గుర్తుంచుకోవాలి.

1984లో అయోవాలో 49 శాతం తెచ్చుకున్న మాండేల్‌ను వారానికే న్యూహాంప్‌షైర్‌లో గ్యారీ హార్ట్ చిత్తు చేశాడు. మాండేల్ దక్షిణాదిలో అలబామా, జార్జియా గెలిచి గట్టెక్కాడు. 1992లో అయోవా ఆ రాష్ట్ర సెనేటర్ హార్కిన్‌ది కాబట్టి మిగతావాళ్లు అక్కడ చెయ్యి పెట్టనే లేదు. న్యూహాంప్‌షైర్‌లో పక్క రాష్ట్రం వాడు పాల్ సాంగస్ 33 శాతంతో గెలిచాడు. ఆరోపణల్లో కూరుకుపోయిన బిల్ క్లింటన్‌కు 25. ఆ రాత్రి క్లింటన్ ఓటమిని ఒప్పుకోకుండా, పడిలేచిన కుర్రాణ్నని తనకు తానే బిరుదు తగిలించుకున్నాడు. పేపర్లూ అదే రాశాయి. మస్కీ గెలుపు ఓటమి అయితే, క్లింటన్ ఓటమి గెలుపైంది.

2004లో హోవర్డ్ డీన్ అయోవా ఫలితాల రాత్రి వేదిక మీద అరిచిన అరుపు వల్లే ఓడిపోయాడని చాలామంది నమ్మకం. ఆ అరుపు అరిచేసరికే అయోవాలో 18 శాతంతో మూడో స్థానంలో చతికిలబడ్డాడు. అరుపు టీవీకి మేత మాత్రమే. 2008లో ఒబామా అయోవాలో గెలిచాక సర్వేలన్నీ న్యూహాంప్‌షైర్ కూడా ఆయనదే అన్నాయి. పోలింగు ముందు రోజు పోర్ట్స్‌మత్‌లో ఒక కాఫీ షాపులో హిల్లరీ క్లింటన్ కళ్లు చెమ్మగిల్లాయి, మర్నాడు 39-36తో ఆమె గెలిచింది. మస్కీని ముంచిన చోటే కన్నీరు ఆమెను తేల్చింది. అసలు తీర్పు సౌత్ కరోలినాలో వచ్చింది. అక్కడి నల్లజాతి ఓటర్లు, తెల్ల రాష్ట్రం అయోవాలో గెలవగలడని రుజువయ్యాక, ఒబామా వైపు తరలిపోయారు, 55-27. జోస్యం, ప్రభావం రెండూ కలిసిపోయిన సందర్భం ఇదొక్కటే అనిపిస్తుంది. డెమోక్రాట్లు ప్రతి రాష్ట్రంలోనూ ప్రతినిధులను ఓట్ల శాతాన్ని బట్టి పంచుతారు కాబట్టి ఆ పోరు జూన్ దాకా సాగింది. రిపబ్లికన్లకు ఆ పట్టింపు లేదు. 2016లో ట్రంప్ సౌత్ కరోలినాలో మూడింట ఒక వంతు ఓట్లతో 50 మంది ప్రతినిధులనూ ఊడ్చుకుపోయాడు.

ఇంత అస్తవ్యస్తమైన జోస్యమైతే, ఈ రాష్ట్రాలను వదిలేసి పెద్ద రాష్ట్రాల దగ్గర కాచుక్కూర్చోవచ్చుగా? ఆ పని చేసినవాళ్లున్నారు. 2008లో రూడీ జులియానీ ఫ్లోరిడానే నమ్ముకున్నాడు. ఫ్లోరిడా ఓటింగుకు వచ్చేసరికి నాలుగు వారాలుగా ఆయన పేరు వార్తల్లో లేదు. అక్కడ మూడో స్థానంలో నిలిచి మర్నాడే తప్పుకున్నాడు. 2020లో మైకేల్ బ్లూమ్‌బర్గ్ తొలి నాలుగు రాష్ట్రాలనూ వదిలి కోట్లకు కోట్ల డాలర్లు కుమ్మరిస్తే చేతికొచ్చింది అమెరికన్ సమోవా దీవులు.

ఈ పోటీల సత్తా ఓట్లలో కాదు, వార్తల్లో ఉందనడానికి 2012 అయోవాను మించిన సాక్ష్యం లేదు. జనవరి 3 అర్ధరాత్రి దాటాక మిట్ రామ్నీ 8 ఓట్ల తేడాతో గెలిచాడని ప్రకటించారు. రామ్నీ ఆ విజయకిరీటంతో న్యూహాంప్‌షైర్‌కు వెళ్లి అక్కడా గెలిచాడు. తొలి రెండూ గెలిచాడు, ఇక ఎదురేముందన్నారు. జనవరి 19న అయోవా పార్టీ సరిచూసిన లెక్కలు బయటపెట్టింది: శాంటోరం 34 ఓట్లు ముందున్నాడు, ఎనిమిది పోలింగ్ కేంద్రాల కాగితాలైతే దొరకనే లేదు. అప్పటికి పదహారు రోజులు గడిచిపోయాయి. ఆ పదహారు రోజుల టీవీ వెలుగు, వచ్చి ఉండాల్సిన చందాలు శాంటోరంకు ఎవరు తిరిగిస్తారు?

డెమోక్రాట్ల అయోవా సభ 2020 దాకా నడిచిన తీరు దగ్గరినుంచి చూస్తే ఇలాంటి పొరపాట్లు జరగకపోతేనే ఆశ్చర్యం. రాత్రి ఏడింటికి స్కూలు జిమ్ములోనో చర్చి హాల్లోనో ఇరుగుపొరుగు చేరేవాళ్లు. రహస్య ఓటు ఉండేది కాదు. ఒక్కో మూల ఒక్కో అభ్యర్థి బృందం నిలబడేది, తలకాయలు లెక్కపెట్టేవాళ్లు. 15 శాతం రాని బృందం చెదిరిపోవాల్సి వచ్చేది. అప్పుడు మిగతా మూలల వాళ్లు వచ్చి, మా వైపు రమ్మని బతిమాలేవాళ్లు. రాత్రి షిఫ్టు నర్సుకీ, పసిపిల్లల తల్లికీ రెండు గంటలు నిలబడే వీలు ఎక్కడిది? 2020 ఫిబ్రవరి 3న ఈ లెక్కలన్నీ ఒక కొత్త ఫోన్ యాప్‌లో ఎక్కించమన్నారు. యాప్ మొరాయించింది, ఫోన్ లైన్లు కిక్కిరిశాయి. ఆ రాత్రి విజేత లేడు. రోజుల తర్వాత ప్రతినిధుల లెక్కలో పీట్ బూటిజెజ్, ఓట్ల లెక్కలో బెర్నీ శాండర్స్ ముందున్నారని తేలింది. అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ విజేతను ప్రకటించలేనని చేతులెత్తేసింది.

ఆ గందరగోళం ఎక్కువగా మేలు చేసింది నాలుగో స్థానంలో ఉన్న జో బైడెన్‌కేనని నా అనుమానం. ఆయన ఓటమి వార్త కావడానికి ముందు వార్తే లేకుండా పోయింది. న్యూహాంప్‌షైర్‌లో 8.4 శాతంతో ఐదో స్థానం. ఫలితాలు రాకముందే ఆయన విమానమెక్కి సౌత్ కరోలినా వెళ్లిపోయాడు. ఫిబ్రవరి 26న అక్కడి నల్లజాతి నాయకుడు జిమ్ క్లైబర్న్ మద్దతు ప్రకటించాడు. 29న బైడెన్‌కు 49 శాతం దాకా వచ్చాయి. బూటిజెజ్, క్లోబచార్ తప్పుకుని ఆయన్ను బలపరిచారు. మార్చి 3 సూపర్ ట్యూస్‌డే నాడు 14 రాష్ట్రాల్లో 10 ఆయనవే. డెమోక్రాటిక్ పార్టీకి వెన్నెముక నల్లజాతి ఓటర్లు, ముఖ్యంగా దక్షిణాదివాళ్లు. వాళ్లు నోరు విప్పకముందు వచ్చే ఏ తీర్పూ ఆ పార్టీకి పూర్తి తీర్పు కాదు. 1992లో క్లింటన్, 2016లో న్యూహాంప్‌షైర్‌లో 60-38తో చిత్తయిన హిల్లరీ, 2020లో బైడెన్ ముగ్గురూ ఒడ్డెక్కింది ఆ వంతెన మీదుగానే.

తనను గెలిపించిన సౌత్ కరోలినానే 2024కి మొదటి వరసలో పెట్టించాడు బైడెన్. న్యూహాంప్‌షైర్ ఊరుకోలేదు. ముందు మేమే ఓటేయాలని ఆ రాష్ట్రం 1975లోనే చట్టం చేసుకుంది. దాని ప్రకారం జనవరి 23న ప్రైమరీ కానిచ్చేసింది. బ్యాలట్ మీద పేరు లేని బైడెన్‌ను ఓటర్లే పేరు రాసి గెలిపించారు, 1964లో లాడ్జ్‌లాగే. రిపబ్లికన్ల వైపు ట్రంప్ అయోవాలో 51 శాతం, న్యూహాంప్‌షైర్‌లో 54 శాతంతో రెండు ముక్కల్లో పోటీ ముగించినంత పని చేశాడు. అర్ధరాత్రే ఓట్లు వేసే డిక్స్‌విల్ నాచ్ అనే కుగ్రామంలో ఉన్న ఆరు ఓట్లూ మాత్రం ప్రత్యర్థి నిక్కీ హేలీకి పడ్డాయి. అయోవాలో ఎనిమిది శాతమైనా దాటని మరో పోటీదారు వివేక్ రామస్వామి ఆ రాత్రే తప్పుకున్నాడు.  

అయోవా డెమోక్రాట్లు ఆ ఏడు పోస్టులో ఓట్లు వేసి, ఫలితాన్ని మార్చి 5న, సూపర్ ట్యూస్‌డే రోజున బయటపెట్టారు. ఆ ఫలితం ఎవరూ పట్టించుకోలేదు. ఓటర్లు వాళ్లే, మారింది తేదీ. జులై 21న బైడెన్ తప్పుకోగానే పార్టీ ప్రతినిధులు ఆగస్టులో కమలా హారిస్‌కు టికెట్ కట్టబెట్టారు, 1968లో హంఫ్రీ తర్వాత ఒక్క ప్రైమరీ కూడా గెలవకుండా. ఆమె అంతకు ముందు ఒకసారి పోటీకి దిగింది కూడా. అయోవా సభలకు రెండు నెలల ముందే, 2019 డిసెంబరులో, ప్రచారానికి డబ్బు చాలక మానుకుంది.